పదికి నాలుగు

తిమ్మమ్మకు వచ్చింది రాచపుండని తేలినప్పుడు అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయినవాడు ఆమె మొగుడు కురుమయ్య. పేరులోనే రాచరికం ఉన్న జబ్బు ఆరెకరాల జొన్నచేను తప్ప ఇంకేమీ లేని ఇంటికి ఎలా వచ్చిందో అతనికి అర్థం కాలేదు. "గద్వాల కోటకు పోవాల్సింది తొవ్వ తప్పి మనింటికొచ్చిందా ఏంది?" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు.

అది నిజాం ఏలుబడిలో ఫసలీ పదమూడు వందల యాభై. ఊరు ఆత్మకూరుకు ఐదు మైళ్లు. తిమ్మమ్మకు అప్పటికి నలభై రెండో నలభై మూడో ఉంటాయి. కడుపున పుట్టిన పిల్లలు లేరు. చెల్లెలు అలివేలమ్మ తెలకపల్లిలో కాన్పులో చనిపోతే, ఆ పసిగుడ్డును పదకొండో రోజున ఒడిలో వేసుకొని వచ్చి మేకపాలతో పెంచింది. పిల్ల పేరు బుజ్జమ్మ. మూడేళ్లది. తిమ్మమ్మను అమ్మా అని పిలుస్తుంది. పెద్దమ్మా అనాలని ఇంకా ఎవరూ చెప్పలేదు.

తిమ్మమ్మకు ఊళ్లో ఒక పని ఉంది. ఆ పనికి పేరు లేదు. మృగశిర కార్తెకు ముందు రైతులు తమ విత్తనపు జొన్నలు దోసెడు తెచ్చి ఆమె ముందు పోస్తారు. ఆమె కళ్లు మూసుకొని అందులోంచి వంద గింజలు తీస్తుంది. కళ్లు తెరిచి తీస్తే చెయ్యి మంచి గింజల వైపే పోతుందని ఆమె అనుభవం. వాటిని పాత ధోవతి గుడ్డ మీద పది వరసలు పేర్చి, తడిపి, చుట్టి, ఆముదపాకుల్లో పెట్టి పొయ్యి పక్కన ఉంచుతుంది. మూడోనాడు విప్పి మొలకలు లెక్కపెడుతుంది. "పదికి ఎనిమిది" అంటే రైతు నవ్వుకుంటూ పోతాడు. "పదికి ఆరు" అంటే కొంచెం ఒత్తుగా చల్లుకోవాలని అర్థం. పదికి నాలుగు వస్తే మాత్రం ఆమె లెక్క కూడా చెప్పదు. "వండుకో" అంటుంది. ఇరవై ఏళ్లలో ఆ మాట వినకుండా విత్తినవాడు ఒకే ఒకడు. ఆ ఏడు అతను పశువులకు చొప్ప కూడా కొనుక్కున్నాడు.

ఎడమ రొమ్ములో గడ్డ మొదట చింతగింజంత ఉన్నప్పుడు ఆమె పట్టించుకోలేదు. అది కోతల కాలం. రేగుపండంత అయినప్పుడు కళ్లం పనులు. ఊళ్లో మందులిచ్చే మనిషి ఉమ్మెత్తాకు వేడి చేసి కట్టాడు. ఆకు వాడిపోయింది, గడ్డ వాడిపోలేదు. చర్మం పగిలి నీరు కారడం మొదలయ్యాక కురుమయ్య బండి కట్టాడు. వనపర్తి దాటి మూడు మైళ్లు పోతే మిషనోళ్ల దవాఖాన ఉంది.

అక్కడి డాక్టరమ్మ తెల్లదొరసాని. తెలుగు పుస్తకాల్లోంచి నేర్చుకుంది. "మీరు భుజించితిరా? మీకు నొప్పి ఉన్నదా?" అని అడిగేది. బండి ఎద్దులు దారికి అడ్డం ఉంటే "దయచేసి మీరు జరుగుడి" అంటుందని దవాఖాన పనివాళ్లు నవ్వుకునేవారు. ఆమె మాట రోగులకూ, రోగుల మాట ఆమెకూ చేరవేసే పని కంపౌండరు మాసయ్యది. అతనిది నాగర్‌కర్నూల్.

భాద్రపదంలో ఆమె ఎడమ రొమ్ము తీసేశారు. పన్నెండో రోజున కుట్లు విప్పాక డాక్టరమ్మ మంచం పక్కన స్టూలు వేసుకొని కూర్చుంది.

"గడ్డను తీసివేసితిమి. కాని మెడ క్రింద ఇంకొకటి ఉన్నది. దానిని తీయుట వీలుకాదు."

"రొమ్ముల గడ్డ తీసిండ్రు. మెడకాడిది తియ్యరాదంట," అన్నాడు మాసయ్య.

"సమజైంది లేయ్యా. అది పెరుగుతదా?"

"పెరుగును," అంది డాక్టరమ్మ.

తిమ్మమ్మ కాసేపు మెడ కింద వేలితో తడుముకుంది. చేతికి తగిలింది. చింతగింజంత.

"పదికి ఎన్ని?" అని అడిగింది.

"ఏంది పదికి ఎన్ని?" అన్నాడు మాసయ్య.

"నా అసొంటోళ్లు ఇంతకుముందు వచ్చింటరు కద. పదిమందొస్తే ఎందరు బతికిండ్రు?"

మాసయ్య ఆ మాట చెప్పాడు. డాక్టరమ్మ ఆమె వైపు చూసింది. పదకొండేళ్లుగా ఆ దవాఖానలో అందరూ బాగైతదా అనే అడిగారు. ఆమె దేవుని చిత్తము అనే చెప్పింది. ఈ ప్రశ్నకు ఆ జవాబు సరిపోదు. లేచి వెళ్లి నల్ల అట్ట వేసిన పెద్ద బుక్కు ఒకటి తెచ్చి, చాలాసేపు పేజీలు తిప్పి, కాగితం ముక్క మీద గీతలు గీసుకుంది.

"ఇట్లు ఆలస్యముగా వచ్చినవారు ముప్పదిమంది. వారిలో రెండు సంవత్సరములు దాటినవారు పన్నెండుమంది."

తిమ్మమ్మ వేళ్ల కణుపుల మీద లెక్క వేసుకుంది. "పదికి నాలుగు," అంది.

"అవును."

ఆమె ఏడుస్తుందేమోనని డాక్టరమ్మ నీళ్ల గ్లాసు దగ్గరికి జరిపింది. తిమ్మమ్మ నీళ్లు తాగింది, దాహంగా ఉంది కనుక. తర్వాత అంది: "నేనైతే వండుకో అంటుంటి."

దాన్ని దొరసానికి ఎలా చెప్పాలో తెలియక మాసయ్య ఖాళీ గ్లాసు తీసుకొని వెళ్లిపోయాడు.

బయట బండి దగ్గర కురుమయ్యకు ఆమే ఈ సంగతి చెప్పింది. అతను భయపడలేదు. మొల దగ్గర దోపుకున్న రేకు బిళ్ల తీసి చూపించాడు. దవాఖానలో చేరిన రోజు వరసలో నిలబడితే ఇచ్చిన బిళ్ల అది. దాని మీద ఏడు అని ఉంది. తిరిగి ఇచ్చేయాలి, అతను ఇవ్వలేదు.

"పదిమందిల మొదటి ఆరుగురు పోతరు. మనది ఏడు. పరేషాన్ గావాల్సిన పనేం లేదు," అన్నాడు.

"మనకంటే ముందు మూడో నంబరోనికి పన్ను నొప్పి. వాడు కూడ పోతడా రెండేండ్లల్ల?"

కురుమయ్య ఆలోచించాడు. "పాపం, పోతడేమో," అన్నాడు.

ఇంటికి వచ్చే దాకా ఆ మూడో నంబరువాడి మీద జాలిపడుతూనే ఉన్నాడు. తిమ్మమ్మ అతని లెక్క సరిదిద్దలేదు. మొగుడికి ఏదో ఒక ధైర్యం ఉంటే ఎద్దులైనా సరిగ్గా నడుస్తాయి.

కానీ కురుమయ్య వాళ్లన్న నర్సింహులు బిళ్లలను నమ్మే మనిషి కాదు. ఊళ్లో తగవులు తెంపేవాడు. రెండు వైపులా విని, ఎవరికీ నచ్చని న్యాయం చెప్పి, చివరికి అదే న్యాయమనిపించుకునేవాడు. తిమ్మమ్మ లేచి తిరగడం మొదలుపెట్టిన వారానికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"తిమ్మమ్మా, పిల్ల సంగతి జర మాట్లాడాలె."

"చెప్పు బావా."

"తెలకపల్లిల పిల్ల నాయిన బాలయ్య మల్ల పెండ్లి చేసుకున్నడు. చేసుకున్నామె సత్యమ్మ మంచిదేనంట. బుజ్జమ్మను ఆడికి పంపుదమా?"

తిమ్మమ్మ చాటలో జొన్నలు చెరుగుతోంది. ఎడమ చెయ్యి ఇంకా పైకి లేవడం లేదు. చాట ఒక పక్కకే ఒరిగి తాలుతో పాటు మంచి గింజలు కూడా పడుతున్నాయి.

"ఎందుకు?" అంది.

"ఎందుకో నీకు తెల్వదా? మూడేండ్ల పిల్లను ఇప్పుడు పంపితే పది దినాలు ఏడుస్తది, పదకొండో దినం మర్చిపోతది. ఐదేండ్లకు పంపితే మర్చిపోదు. నువ్వు పోయినంక పంపితే దానికి అమ్మ రెండుసార్లు సచ్చినట్టైతది. ఇప్పటికే ఒకసారి సచ్చింది."

తిమ్మమ్మ చాట కింద పెట్టింది. ఆమెను అన్నిటికంటే బాధపెట్టింది ఆ మాట నిజం కావడమే. నర్సింహులు చెడ్డమాట అని ఉంటే తిట్టి పంపేది. అతను చెప్పినది పిల్ల మేలు కోరే మాట.

"నాకు రెండేండ్లు ఇయ్యి బావా."

"పదిమందిల ఆరుగురు రెండేండ్లు దాటరని నువ్వే చెప్తివి. మల్ల రెండేండ్లు అడుగుతవేంది? వచ్చే ఉగాది పోనిస్త. దాని ఎనక ఉగాదికి బాలయ్య బండి తెస్తడు. గంతే."

అలా బుజ్జమ్మకు ఏడాదిన్నర గడువు పడింది. ఆ సంగతి తెలియని ఒకే మనిషి బుజ్జమ్మ. అరుగు కింద కోడిపిల్లలకు పేర్లు పెడుతోంది. అన్నిటికీ ఒకే పేరు పెట్టింది.

మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమని డాక్టరమ్మ చెప్పింది. మొదటి మూడు నెలలకు ఆముదాలు కొట్టే పని వచ్చింది. ఆరు నెలలకు ఎద్దుకు గిట్ట దెబ్బ తగిలింది. తొమ్మిది నెలలకు వానలు. తర్వాత, బాగానే ఉన్న మనిషి దవాఖానకు పోవడం ఎందుకని కురుమయ్య అన్నాడు. తిమ్మమ్మ బాగానే ఉంది కూడా. కోసిన గాయం మానింది. ఎడమ చెయ్యి సాయంత్రానికి వాచేది. దాన్ని దిండు మీద ఎత్తిపెట్టుకొని కుడిచేత్తో రొట్టె కొట్టేది. రవికలో ఎడమ వైపు ఒక గుడ్డ ఉండ పెట్టుకుంది. చూసేవాళ్ల కోసం కాదు. రవిక ఒక పక్కకు జారకుండా.

చూసేవాళ్లకు ఏమీ కొదవ లేదు. పక్కింటి జములమ్మ రోజూ వచ్చి ఆమె ముఖం కేసి, ఎసరు చూసినట్టు చూసి పోయేది. ఒకరోజు అడగనే అడిగింది.

"ఏమే తిమ్మీ, నీ ఇత్తడి బిందె ఎవ్వరికిస్తవే?"

"ఇంకా దాంతోనే నీళ్లు తెస్తున్న కద అక్కా."

"గిప్పుడు గాదులే. ఎన్కముందు అడుగుతున్న."

"నువ్వు నాకంటె పదేండ్లు పెద్దదానివి. నీ బిందె సంగతి ముందు చెప్పు."

జములమ్మ నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు చింతకాయ తొక్కు తెచ్చింది.

మృగశిర వచ్చింది. రైతులు ఎప్పటిలాగే గింజలు తెచ్చి పోశారు. తిమ్మమ్మ ఎప్పటిలాగే కళ్లు మూసుకొని వంద తీసింది. మూడోనాడు గుడ్డ విప్పితే ఒక రైతువి నూటికి నలభై మొలిచాయి. వండుకో అనడానికి నోరు తెరిచి, మూసుకుంది. మొలిచిన నలభై గింజల వైపు చూసింది. ప్రతి గింజకూ తెల్లటి మొలక ఒకటి నిండుగానే ఉంది. ఏ గింజా పదింట నాలుగు వంతులు మొలవలేదు. మొలిచినది పూర్తిగా మొలిచింది, చచ్చినది పూర్తిగా చచ్చింది. పదికి నాలుగు అనేది బుట్టకు చెప్పే మాట. ఇరవై ఏళ్లుగా ఆమె బుట్టలతోనే మాట్లాడుతోంది. గింజ వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు.

"ఏమైంది వదినె, ఎన్నొచ్చినయి?" అన్నాడు రైతు.

"వేరే విత్తనం ఉన్నదా నీ తాన?"

"లేదు."

"మరి ఒత్తుగ చల్లుకో."

ఆ రైతు ఆశ్చర్యపడుతూ వెళ్లాడు. ఆ చేను ఎలా పండిందంటే, పలచగా పండింది. కానీ పండింది.

రెండో ఉగాది ఇంకో నెల ఉందనగా తిమ్మమ్మ మళ్లీ దవాఖానకు పోదామనుకుంది. కురుమయ్యతో చెబితే బిళ్ల తీసి చూపిస్తాడు. నర్సింహులుతో చెబితే గడువు గుర్తుచేస్తాడు. శ్రీరంగాపూర్‌లో రంగనాయకస్వామి దర్శనానికి పోయే బండి ఒకటి ఉంటే అందులో ఎక్కింది. స్వామికి దండం పెట్టుకొని, వనపర్తి వైపు పోయే ఉప్పు బండివాడిని అడిగి, మర్నాటి పొద్దుటికి దవాఖాన వరండాలో కూర్చుంది. ఆ రోజు ఆమెకు వచ్చిన బిళ్ల ఎనిమిది. ముందున్నవాడిది ఆరు.

"ఏడు లేదా?" అని అడిగింది.

"ఎవరో ఎత్కపోయిండ్రమ్మా, ఏడాదిన్నరాయె," అన్నాడు మాసయ్య. "పేరేంది?"

"తిమ్మమ్మ. కురుమయ్య పెండ్లాన్ని. ఆత్మకూరు దిక్కు."

మాసయ్య నల్ల అట్ట బుక్కు తిప్పాడు. ఒకచోట వేలు పెట్టి ఆగిపోయాడు. బుక్కు చూసి, ఆమెను చూసి, మళ్లీ బుక్కు చూశాడు.

"ఏమైంది?" అంది తిమ్మమ్మ.

"ఏం లేదమ్మా."

"ఏముందో చెప్పు, నాకు సదువు రాదు."

"నువ్వు... నువ్వు పోయినట్టు రాసున్నదమ్మా."

డాక్టరమ్మ గదిలోకి తిమ్మమ్మ కంటే ముందు బుక్కే వెళ్లింది. దొరసాని ఎర్రబడి లేచి నిలబడింది. "మీరు కూర్చుండుడి, కూర్చుండుడి" అని రెండుసార్లు అంది. తిమ్మమ్మ అప్పటికే కూర్చుంది.

"నేనెప్పుడు పోయిన్న?"

మాసయ్య చూసి చెప్పాడు. "పోయిన భాద్రపదంల. ఏడాది దాక రాకపోతే ఎర్ర సిరాతోటి గుర్తు పెడ్తం. రానోళ్లు పోయినట్టే లెక్క."

"నేను ఎద్దు గిట్టకు దెబ్బ తగిలి రాలె."

"గది మాకెట్ల తెలుస్తదమ్మా?"

తిమ్మమ్మకు తన పెరడు గుర్తొచ్చింది. మూడోనాటికి మొలవని గింజలను ఆమె పెరట్లో పెంటకుప్ప మీద పారేస్తుంది. వారం తర్వాత అటు పోతే అక్కడక్కడా రెండు మూడు జొన్న మొలకలు లేచి ఉంటాయి. వాటిని ఏనాడూ ఏ లెక్కలోనూ వేయలేదు. ఆలస్యంగా లేచినందుకు వాటినే తప్పుపట్టింది.

"అప్పుడు చెప్పిన ముప్పైమందిల పద్దెనిమిది పోయిండ్రంటివి కద," అంది. "వాళ్లల్ల నిజంగ పోయినోళ్లెందరు, రానోళ్లెందరు?"

ఈసారి డాక్టరమ్మ, మాసయ్య కలిసి లెక్కపెట్టారు. అరగంట పట్టింది. వరండాలో పన్నెండో నంబరువాడు దగ్గుతూనే ఉన్నాడు.

"పోయినట్టు వార్త వచ్చినవారు పదకొండుమంది," అంది డాక్టరమ్మ. "తిరిగి రానివారు ఏడుగురు. వారి సంగతి మాకు తెలియదు." కొంచెం ఆగి నిజం కూడా చెప్పింది. "ఎక్కువమంది పోయియే ఉందురు. కాని తెలియదు."

"ఇంకోటి చెప్పు. నా తీరుగ ఏడాదిన్నర దాటి ఈడికొచ్చి కూర్చున్నోళ్లెందరు? వాళ్లల్ల రెండేండ్లు దాటినోళ్లెందరు?"

డాక్టరమ్మ పెన్సిలు మళ్లీ నడిచింది. "పదిహేనుమంది. రెండు సంవత్సరములు దాటినవారు పన్నెండుమంది. వారిలో ఏడుగురు మూడు కూడ దాటిరి. ఒకామెకు తొమ్మిది సంవత్సరములు అయినవి. ప్రతి క్రిస్మస్‌కు కోడిపుంజును పంపును."

వేళ్ల కణుపులు. "పదికి ఎనిమిది," అంది తిమ్మమ్మ.

ఆమె నవ్వలేదు. ఏడాదిన్నర కింద నాలుగు, ఇప్పుడు ఎనిమిది. నడుమ ఆమె చేసిందేమీ లేదు, ఊరికే బతికి ఉంది. మొలిచిన గింజకు ఇంక మొలకల లెక్క చెప్పరు. దానికి చెప్పాల్సింది వాన లెక్క.

అప్పుడు డాక్టరమ్మ ఆమె మెడ కింద వేలు పెట్టి చూసింది. చింతగింజ పోకచెక్కంత అయింది. పక్కన ఇంకొకటి. వీపు మీద తట్టి, ఇక్కడ నొప్పి ఉన్నదా అని అడిగింది. ఉందని తిమ్మమ్మ చెప్పింది. జొన్నలు మోసినందువల్ల అనుకున్నానంది.

"ఇది మంచి వార్త కాదు," అంది డాక్టరమ్మ. "పదికి ఎనిమిది అనునది వారందరి లెక్క. మీ లెక్క నాకు తెలియదు."

"తెల్వదని నాకు తెలుసు," అంది తిమ్మమ్మ. "గింజ చేతిల పట్టుకొని ఇది మొలుస్తదా అని ఎవడన్న అడిగితే నేను కూడ తెల్వదనే అంట."

నొప్పికి మందు సీసా ఇచ్చారు. వెళ్లేముందు ఆమె మాసయ్యను పిలిచి, ఎర్ర గుర్తు కొట్టేయించింది. అతను కొట్టేస్తుంటే దగ్గర నిలబడి చూసింది.

ఉగాదికి మూడు రోజుల ముందే బాలయ్య బండితో దిగాడు. అతను మాట తక్కువ మనిషి. పెళ్లాం పోయినప్పుడూ తక్కువే మాట్లాడాడు, మళ్లీ పెళ్లయినప్పుడూ అంతే. అరుగు మీద నర్సింహులు పక్కన కూర్చొని తువాలు మడతపెడుతూ విప్పుతూ ఉన్నాడు. కురుమయ్య గడప మీద. జములమ్మ తన గోడ వెనక, కనబడకుండా, అంటే కొప్పు మాత్రం కనబడుతూ.

"గడువైంది తిమ్మమ్మా," అన్నాడు నర్సింహులు. "దవాఖానకు పోయొచ్చినవంట. ఏమన్నదామె? ఎన్నేండ్లుంటవు?"

"తెల్వదు బావా."

"డాక్టరమ్మ చెప్పలేదా?"

"ఆమె బుక్కుల నేను సచ్చి ఆరు నెలలైంది. ఆమెనేం అడుగుత?"

కురుమయ్య మొల దగ్గర బిళ్ల తడుముకున్నాడు. నర్సింహులు కోపం రాకుండా ఆపుకున్నాడు.

"పరాచికాలాడకు. పిల్ల సంగతి."

"పిల్ల సంగతే చెప్తున్న. పదికి నాలుగో ఎనిమిదో, నేనుంటనో ఉండనో. నువ్వు చెప్పిన మాట నిజమే. నేను పోయినంక పంపితే అది తెల్వని ఇంటికి పోతది. ఇప్పుడే పంపితే నేనున్నా కూడ లేనట్టే. రెండూ మోసమే." ఆమె బాలయ్య వైపు తిరిగింది. "ఏమయ్యా బాలయ్య, పదికి నాలుగు మొలిచే విత్తనమే ఉన్నది నీ తాన, వేరేది లేదు. చేను విత్తకుండ పడావు పెడతవా?"

బాలయ్య తువాలు మడవడం ఆపాడు. వ్యవసాయం ప్రశ్న కనుక జవాబు చెప్పాడు. "పడావెందుకు పెడత వదినె? ఒత్తుగ ఏస్త. సాళ్ల నడుమ కంది పెడత. జొన్న రాకపోతే కందన్న వస్తది."

"జొన్న వస్తే కందిని పీకేస్తవా?"

"ఎందుకు పీకుత? రెండూ తింటం."

"గదే నేను చెప్పేది."

అరుగు మీద ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. తిమ్మమ్మ విడమరిచి చెప్పింది. బుజ్జమ్మ ఇక్కడే ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు, ఉగాదికి ఒకసారి, కోతలయ్యాక ఒకసారి తెలకపల్లికి పోయి నెలన్నర ఉంటుంది. మొదటిసారి తనే తీసుకుపోతుంది. ఆ ఇంట్లో నీళ్లకుండ ఎక్కడుందో, ఏ కుక్క కరుస్తుందో, సత్యమ్మ ఎప్పుడు కోప్పడుతుందో పిల్లకు తెలియాలి. తను పోయిన రోజున పిల్ల తెలిసిన ఇంటికే పోవాలి.

"మరి ఆ పిల్ల సత్యమ్మ ఏమంటదో," అన్నాడు నర్సింహులు.

"ఆమెకేం," అన్నాడు బాలయ్య. "తనను తాను కందనుకుంటది."

గోడ వెనక జములమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నర్సింహులు కాసేపు గడ్డం గీరుకున్నాడు. ఇది అతను చెప్పిన న్యాయం కాదు. కానీ ఎవరికీ పూర్తిగా నచ్చలేదు కనుక న్యాయం లాగే ఉంది. సరే అన్నాడు.

తెలకపల్లి రెండు రోజుల బండి ప్రయాణం. దారి పొడుగునా బుజ్జమ్మ ఎద్దులకు పేర్లు పెట్టింది. ఈసారి రెండిటికి రెండు పేర్లు. సత్యమ్మ పాతికేళ్లు కూడా లేని మనిషి. గుమ్మంలో నిలబడి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగుకు తుడుచుకుంటూ ఉంది. ఆమెను చూస్తే, ఈ రాక తిమ్మమ్మకు పరీక్షో సత్యమ్మకు పరీక్షో చెప్పడం కష్టం.

"నన్నేమని పిలుస్తది అక్కా?" అని వంటింట్లో మెల్లగా అడిగింది.

తిమ్మమ్మ దీని గురించి దారంతా ఆలోచించింది. పిన్ని అనిపించవచ్చు. చిన్నమ్మ అనిపించవచ్చు. రేపు అవసరం పడ్డ రోజున పిల్ల ఆ మాటను మళ్లీ మార్చుకోవాలి.

"అమ్మా అనే పిలుస్తది," అంది.

బుజ్జమ్మను పిలిచి చెప్పింది. "బుజ్జీ, గీమె కూడ అమ్మనే."

బుజ్జమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇద్దరా?"

"ఇద్దరు."

"పిలిస్తే ఎవరొస్తరు?"

"దగ్గరున్నామె వస్తది."

పిల్లకు అది సబబుగానే తోచింది. దూడ దగ్గరికి పోయింది.

నాలుగో రోజు పొద్దున తిమ్మమ్మ బయలుదేరింది. బుజ్జమ్మ బండి చక్రం పట్టుకుంది. "ఎన్ని దినాలకొస్తవు?" అని అడిగింది.

ఇన్నేళ్లుగా అందరికీ లెక్క చెప్పిన మనిషి ఆ చిన్న లెక్కను వేళ్ల కణుపుల మీద రెండుసార్లు వేసుకొని చెప్పింది. "రెండు పున్నాలు. మొదటిది పోనియ్యి. రెండోదానికొస్త."

వైశాఖ పున్నమికి ముందురోజు తెలకపల్లి చేరింది. వీపు నొప్పికి బండిలో గడ్డి ఎత్తుగా పరిచాడు కురుమయ్య. ఇంటిముందు బండి ఆగేసరికి బుజ్జమ్మ వాకిట్లో ఉంది. నల్లబడింది, పొడుగైంది, జడలు ఎవరో గట్టిగా, చక్కగా వేశారు. బండిని చూసి తిమ్మమ్మ వైపు రాలేదు. వెనక్కి తిరిగి ఇంట్లోకి పరుగెత్తింది.

"అమ్మా! అమ్మా! గా అమ్మొచ్చింది!"

తిమ్మమ్మ బండి దిగడానికి కొంచెం సమయం పట్టింది. వీపు వల్ల. సత్యమ్మ పరుగున వచ్చి, చెంబు ఇచ్చి, ఏదో తప్పు చేసినట్టు నిలబడింది.

"అక్కా, నేను నేర్పలే. నిన్ను గా అమ్మ అనమని నేను చెప్పలే."

"తెలుసమ్మా. దూరముంటి, గందుకే," అంది తిమ్మమ్మ. కాళ్లు కడుక్కొని, చెంబులో మిగిలిన నీళ్లు తాగింది. నీళ్లు చల్లగా ఉన్నాయి.

మర్నాడు బుజ్జమ్మను ఎక్కించుకొని బండి తిరిగి బయలుదేరింది. సత్యమ్మ ఊరి చివర దాకా వచ్చి, పిల్లకు దిష్టి తీసి, మెటికలు విరిచి వెనక్కి పోయింది. బుజ్జమ్మ తిమ్మమ్మ కుడిచేతి కింద దూరి కూర్చుంది. ఎడమ వైపు కూర్చోకూడదని ఆమెకు గుర్తుంది. రెండు మైళ్లు పోయాక, ఎద్దులకు పేర్లు మార్చడం అయ్యాక అడిగింది.

"అమ్మా, గా అమ్మ ఇప్పుడేం చేస్తుంటది?"

తిమ్మమ్మ ఎండ ఎంత ఎక్కిందో చూసింది.

"రొట్టెలు చేస్తుంటది," అంది.